మగాడికి వచ్చిన ‘ఆడవాళ్ళ గుండెజబ్బు’: ఒక టకోట్సుబో కేసు

“నిన్న ఫర్వానేదన్నారు గదా డాక్టరమ్మా?”

ఐసీయూ తలుపు దగ్గర నిలబడి రోగి కొడుకు నన్నడిగిన మాట ఇది. అవును, అన్నాను. యాంజియోగ్రామ్‌లో రక్తనాళాలు మూసుకుపోలేదని తేలాక, ముందురోజు సాయంత్రం, “ఇది టకోట్సుబో, గుండె దానంతటదే కోలుకుంటుంది, ఆరు వారాలు ఓపిక పట్టండి” అని ధీమాగా చెప్పి అతన్ని ఇంటికి పంపించాను. టకోట్సుబో అంటే పెద్ద ఒత్తిడి దెబ్బకి గుండె కండరం కొంతకాలం మొద్దుబారే జబ్బు. ఆ రాత్రే వాళ్ళ నాన్న గుండె లయ తప్పింది. ఆ ధీమా నాకు ఎక్కణ్ణించి వచ్చిందో వెతుక్కుంటూ ఈ కేసు రాస్తున్నాను. రోగి, ఇంటివాళ్ళు ఒప్పుకున్నారు. వయసు, తేదీలు, ఊరి గుర్తులు కొంచెం మార్చాను. వైద్యానికి పనికొచ్చే అంకెల జోలికి పోలేదు.

నేను శ్రీకాకుళం జిల్లాలో జాతీయ రహదారి పక్కనున్న ముప్ఫై పడకల ఆసుపత్రిలో జనరల్ ఫిజీషియన్‌ని. ఐసీయూలో ఆరు పడకలు, ఒక వెంటిలేటరు, మాస్కుతో ఊపిరి అందించే రెండు బైపాప్‌లు, ఒక పాత ఎకో మెషీను. యాంజియోగ్రామ్ చేసి మూసుకున్న నాళం తెరిచే క్యాథ్ ల్యాబ్ కావాలంటే అంబులెన్సులో రెండు గంటలు.

నా ధీమా వెనక ఒక పెద్దావిడ ఉంది. ఈ కేసుకి ఏడాది ముందు, విజయనగరం సిరిమానోత్సవం జనంలో ఆవిడ మనవడు చేయి జారి తప్పిపోయాడు. అరగంటకి దొరికాడు. పిల్లవాణ్ణి చంకనెత్తుకున్నాక ఆవిడకి గుండెలో పట్టేసింది. 66 ఏళ్ళు, బీపీ తప్ప వేరే జబ్బు లేదు. ఈసీజీ చూస్తే గుండెపోటే. యాంజియోగ్రామ్ శుభ్రంగా ఉంది. ఎకోలో గుండె కొన ఉబ్బి కదలకుండా, మొదలు మాత్రం గట్టిగా కొట్టుకుంటూ కనిపించింది. ఐదు వారాల్లో ఎకో మామూలయింది, ఆవిడ నాకు అరటిపళ్ళ గెల తెచ్చిచ్చింది. అప్పటినుంచి టకోట్సుబో అంటే నా బుర్రలో ఆవిడ ముఖమే. పెద్దవయసు ఆడమనిషి, పెద్ద బెంగ, చిన్న ప్రమాదం, అరటిపళ్ళు.

పాఠ్యపుస్తకం కూడా దాదాపు ఆ బొమ్మే గీస్తుంది. 1990లో జపాన్‌లో సాతో బృందం దీన్ని మొదట వర్ణించింది. ఎడమ జఠరిక ఆకారం అక్కడి జాలర్లు ఆక్టోపస్‌లను పట్టే కుండలా ఉందని ఆ పేరు పెట్టారు. మన దగ్గర చెప్పాలంటే కల్లు ముంత: మెడ సన్నం, అడుగు ఉబ్బెత్తు. 2015లో వచ్చిన అంతర్జాతీయ రిజిస్ట్రీ (ఈ జబ్బు రోగుల వివరాల నమోదు) ఫలితాల్లో 1,750 మంది రోగులుంటే అందులో దాదాపు తొంభై శాతం ఆడవాళ్ళే, సగటు వయసు 66 దాటింది. మెనోపాజ్ తర్వాత ఈస్ట్రోజెన్ తగ్గడంతో ఒత్తిడి హార్మోన్ల దెబ్బకి గుండె కండరం, సన్నని రక్తనాళాలు తట్టుకోలేకపోతాయన్నది ప్రచారంలో ఉన్న వివరణ. పెద్దావిడకి అది అతికినట్టు సరిపోయింది.

నేపథ్యం

ఇప్పుడు అసలు రోగి. 57 ఏళ్ళ మగమనిషి, బరువు 52 కిలోలు, ఉద్దానం వైపు. పడుచు వయసులో జీడి కార్ఖానాలో పిక్కలు కాల్చే పని. ఇప్పుడు చాలా చోట్ల బాయిలర్లో ఉడికిస్తున్నారు గాని, అప్పట్లో డ్రమ్ముల్లోనే కాల్చేవాళ్ళు. ఆ ఘాటు పొగలో పదిహేనేళ్ళు, పైన రోజుకి పాతిక బీడీలు. ఊపిరితిత్తుల జబ్బు, అంటే సీఓపీడీ, ఎనిమిదేళ్ళుగా ఉంది. ఇన్‌హేలర్ రాసిచ్చారు, వాడేది మాత్రం ఆయాసం వచ్చిన రోజే. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.2, ఉండాల్సిన దానికంటే ఎక్కువ. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఈ అంకె చూసి ఎవరూ ఉలిక్కిపడరు, అది వేరే బాధ. షుగర్ లేదు. గుండెజబ్బు ఇంతకుముందు లేదు.

మూడు రోజులుగా జ్వరం, పచ్చటి కఫం. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఆయాసానికి డెరిఫిలిన్ సూదులు వేశాడు, నెబులైజర్ పెట్టాడు. చివరి రాత్రి శ్వాసనాళాలు తెరిచే సాల్‌బుటమాల్ ఎన్నిసార్లు పెట్టారో ఎవరికీ లెక్క లేదు. ఆయన భార్య చెప్పిన ప్రకారం, “పొగ మిషను తియ్యనేదు బావూ, రాత్రంతా ముక్కు మీదే ఉంది.” (నేను ఆడడాక్టర్నని చూశాక కూడా ఆవిడ నాలుగైదుసార్లు ‘బావూ’ అనే పిలిచింది. ఆ కంగారులో ఎవరికి పట్టింది!) ఆర్‌ఎంపీని నేను తప్పుపట్టను. రాత్రి పన్నెండు గంటలకి ఆ ఊళ్ళో ఆయన కాక ఇంకెవరున్నారు?

తెల్లవారుజాము

నాలుగింటికి 108లో వచ్చాడు. మాట పూర్తి చెయ్యలేకపోతున్నాడు. ఆక్సిజన్ 80 శాతం, నాడి 132, బీపీ 100/64. ఛాతీ నిండా పిల్లికూతలు, కింద రెండు వైపులా చెమ్మ శబ్దాలు. “గుండి మీద బండ పెట్టినట్టుంది” అని చేత్తో చూపించాడు. అది అర్ధరాత్రి నుంచే అట.

ఈసీజీలో వీ2 నుంచి వీ6 దాకా, అంటే ఛాతీ ముందువైపు లీడ్లలో, గుండెపోటులో పైకి లేచే ఎస్‌టీ అనే గీత రెండు మూడు మిల్లీమీటర్లు లేచింది. కింది లీడ్లలో ఎదురు మార్పు లేదు.

ఇక్కడ మొదటి నిర్ణయం. బీడీలు తాగే 57 ఏళ్ళ మగవాడు, ఛాతీలో బరువు, ముందువైపు లీడ్లలో ఎస్‌టీ. అది గుండెపోటు కాదని నిరూపించేదాకా గుండెపోటే. క్యాథ్ ల్యాబ్‌కి 120 నిమిషాల్లో చేర్చి నాళం తెరిపించడం కుదరదు. కాబట్టి రక్తం గడ్డ కరిగించే మందు ఇవ్వాలి. రక్తస్రావం ముప్పులేమీ లేవని చూసుకుని, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేసి, బరువుని బట్టి టెనెక్టిప్లేస్ 30 ఎంజీ ఇచ్చాను. ఎకో మెషీను పక్క గదిలోనే ఉంది. ముందు ఎకో చేసి ఉంటే మందు ఇచ్చేదాన్నా అని తర్వాత చాలామంది అడిగారు. ఇచ్చేదాన్నే. ముందు గోడ రక్తనాళం పొడుగ్గా ఉండి కొన చుట్టి వెనక్కి తిరిగినవాళ్ళలో, అది మూసుకుపోతే ఎకోలో ఇదే బొమ్మ వస్తుంది. యాంజియోగ్రామ్ లేకుండా ఆ రెంటినీ విడదీయలేం. ఇలాంటి వంద మంది మగవాళ్ళు వస్తే అందులో దాదాపు అందరికీ ఉన్నది మూసుకున్న నాళమే. ఎక్కడో ఉండే ఒక్క టకోట్సుబో కోసం మిగతావాళ్ళ సూది ఆపకూడదు.

నేను తడబడింది ఆ తర్వాత.

మందిచ్చిన గంటన్నరకి ఈసీజీ తీస్తే ఎస్‌టీ అంగుళం కూడా దిగలేదు. మందు పనిచెయ్యలేదనుకున్నాను. ఈలోగా ఊపిరితిత్తుల్లో చెమ్మ ఉందని ఒంట్లో నీరు మూత్రంలో తీసే ఫ్యూరోసెమైడ్ 40 ఎంజీ ఇచ్చాను. ఆయాసానికి మా డ్యూటీ నర్సు అలవాటు ప్రకారం సాల్‌బుటమాల్ నెబులైజేషన్ పెట్టింది, నేను చూసి ఊరుకున్నాను. ఆరుంపావుకి బీపీ 84. గుండెపోటు, పంపు బలహీనం, బీపీ పడుతోంది. చెయ్యి దానంతటదే గుండెని గట్టిగా కొట్టించే డొబుటమిన్ వైపు పోయింది.

పావుగంటలో బీపీ 70. నాడి 146. ఒళ్ళు చల్లబడి చెమటలు. పంపు వేగం పెంచమంటారా అని నర్సు అడిగింది. బీపీ మందు మొదలెట్టాక బీపీ పడిందంటే మందు చాలలేదని అర్థమా, మందే పడగొట్టిందని అర్థమా? ఆ ప్రశ్న వేసుకోవడానికి నాకు ఒక నిమిషం పట్టింది. మర్మర్ (గుండెలో అదనపు శబ్దం) ఏమైనా కొత్తగా వచ్చిందా అని స్టెత్ పెట్టాను. పిల్లికూతల రొదలో ఏమీ వినపడలేదు. ఊపిరి బిగబట్టమని అడిగే స్థితి కాదు ఆయనది.

ఎకో ప్రోబ్ పెట్టాను. సీఓపీడీ వాళ్ళ ఛాతీ పీపాలాగా ఉబ్బి ఉంటుంది, గుండెకీ ప్రోబ్‌కీ మధ్య గాలి. ఎడమ రొమ్ము పక్కన పెడితే తెర మీద మంచు తప్ప ఏమీ లేదు. రొమ్ము ఎముక కింద, పొట్ట మీదుగా పైకి చూపిస్తే అప్పుడు తెరుచుకుంది. గుండె కొన, మధ్యభాగం కదలట్లేదు, ముందూ వెనకా పక్కా అన్నీ. ఒక్క నాళం పరిధికి మించి ఉంది. మొదలు మాత్రం పిడికిలి బిగించినట్టు దబదబా కొట్టుకుంటోంది. కల్లు ముంత. పంపుసత్తా, అంటే ఒక్కో కొట్టుకి గుండె గది బయటికి తోసే రక్తం వాటా, 30 శాతం. ఇంకొకటి కనపడింది: ప్రతి కొట్టుకి మైట్రల్ కవాటం ముందు రెక్క రెండు జఠరికల మధ్య గోడ వైపు లాక్కుపోయి, రక్తం బయటికి పోయే దారికి అడ్డం పడుతోంది. ఊపిరి వదిలే క్షణాల్లో ఎలాగో రక్తం వేగం కొలిచే డాప్లర్ బొమ్మ ఒకటి దొరికింది. బాకు ఆకారం, వేగం సెకనుకి 4 మీటర్లు. లెక్క కడితే దారిలో 64 మిల్లీమీటర్ల (బీపీ కొలిచే లెక్కలో) పీడనం తేడా తెచ్చే అడ్డు.

అంటే మొదటి గంటల్లో నేను వేసిన ప్రతి అడుగూ ఆ దారిని ఇంకాస్త మూసింది. సాల్‌బుటమాల్, డొబుటమిన్ గుండె మొదలుని ఇంకా గట్టిగా పిండాయి. ఫ్యూరోసెమైడ్ గుండె గదిలో రక్తం తగ్గించి గోడల్ని దగ్గరికి తెచ్చింది. పైగా ఈ జబ్బులో అసలు దోషి అడ్రినలిన్ వర్గమే. ఒత్తిడిలో ఒళ్ళు విడుదల చేసే ఆ హార్మోన్ల వరదకి గుండె మొద్దుబారితే, దానికి నేను సూదిలో అదే పోశాను.

ఊపిరికి మందు, గుండెకి విషం

డొబుటమిన్ ఆపాను. ఇక్కణ్ణుంచి ప్రతి నిర్ణయం రెండు అవయవాల మధ్య తగువు తీర్చినట్టే సాగింది.

ఊపిరితిత్తుల్లో చెమ్మ ఉన్న మనిషికి సెలైన్ ఎక్కించాలా? ఎక్కించాలి, ఎందుకంటే గుండె గది నిండితేనే దారి తెరుచుకుంటుంది. కానీ లీటర్లు కాదు. 100 మిల్లీలీటర్లు ఇచ్చి, ఊపిరితిత్తుల మీద ప్రోబ్ పెట్టి చూసి, మళ్ళీ 100. అంతే ఇచ్చాను. బీపీ నిలబెట్టడానికి గుండెని కొట్టకుండా నాళాల్ని మాత్రమే బిగించే మందు కావాలి. ఫినైలెఫ్రిన్ మా ఐసీయూ స్టాకులో లేదు. కానీ సిజేరియన్ల కోసం మత్తు డాక్టరు ట్రేలో ఎప్పుడూ ఉంటుంది. ఆపరేషన్ థియేటర్ తాళాలు తెప్పించి తీసుకున్నాను. మీది చిన్న ఆసుపత్రి అయితే ఐసీయూ బీరువాలో లేని మందు థియేటర్ ట్రేలో ఉందేమో ఒకసారి పగలే చూసి పెట్టుకోండి.

తర్వాత బీటా బ్లాకర్. గుండె వేగం, పిండే బలం తగ్గితే దారి విడుస్తుంది. కానీ పిల్లికూతలతో ఉన్న సీఓపీడీ మనిషికి బీటా బ్లాకర్ అంటే ఏ ఫిజీషియన్‌కైనా చెయ్యి వణుకుతుంది. ఫోన్లో కార్డియాలజిస్టు, నేను పది నిమిషాలు వాదించుకున్నాం. ఎస్మొలాల్ ఎంచుకున్నాం. గుండె గ్రాహకాల మీదే ఎక్కువ పని, ఆపితే కొన్ని నిమిషాల్లో ఒంట్లోంచి పోతుంది. తప్పయినా వెనక్కి తీసుకోగలిగిన తప్పు. బీపీ 90 దాటాక పది ఎంజీ ఇచ్చి మంచం పక్కనే నిలబడి పిల్లికూతలు విన్నాను. పెరగలేదు. చిన్న మోతాదులో ఇన్‌ఫ్యూజన్ పెట్టాం.

సాల్‌బుటమాల్ తీసేసి ఇప్రట్రోపియం, బ్యుడెసొనైడ్ నెబులైజేషన్, హైడ్రోకార్టిసోన్ పెట్టాను. బైపాప్ పెట్టాలనిపించింది గాని, ఎక్కువ ప్రెజర్ పెడితే గుండెలోకి రక్తం రావడం తగ్గి అడ్డు పెరుగుతుంది. అందుకని తక్కువ ప్రెజర్‌తో, బీపీ చూసుకుంటూ.

పది గంటలకి నాడి 112, బీపీ 104. మధ్యాహ్నానికి అడ్డు 25కి దిగింది. మూత్రం వచ్చింది. ఆ యూరిన్ బ్యాగు చూసి నాకు కలిగిన సంతోషం బయటివాళ్ళకి చెప్తే నవ్వుతారు.

నియమం ప్రకారం గడ్డ కరగనప్పుడు వెంటనే క్యాథ్ ల్యాబ్‌కి పంపాలి. 70 బీపీతో, దారి మూసుకున్న గుండెతో రెండు గంటలు రోడ్డు మీద పెట్టడం కంటే ముందు నిలబెట్టి పంపడం మేలనుకున్నాం. సాయంత్రం పంపాం. యాంజియోగ్రామ్ మర్నాడు పొద్దున జరిగింది. కిడ్నీల కోసం కాంట్రాస్ట్ వీలైనంత తక్కువ వాడమని, ఎకోలో చూసేశాం కాబట్టి జఠరికలోకి డై కొట్టొద్దని కోరాను, అలాగే చేశారు. ముందు గోడ నాళంలో 40 శాతం పూడిక. ఆ గుండె స్థితికి అది కారణం కాదు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో కనిపించే ట్రోపోనిన్ పెరిగింది గాని దెబ్బ తిన్నంత కండరానికి ఉండాల్సినంత లేదు. రోగనిర్ధారణ టకోట్సుబో.

మూడో రోజు మధ్యాహ్నం రోగి మళ్ళీ మా దగ్గరికే వచ్చాడు. ఊపిరితిత్తుల వైద్యం ఇక్కడే చెయ్యొచ్చు, ఇంటివాళ్ళకీ దగ్గర. ఆ సాయంత్రమే కొడుకుతో నేను ఆ మాట అన్నది.

మూడో రాత్రి

రాత్రి ఒంటిగంటకి మానిటర్ మీద గీత మెలికలు తిరిగింది. పన్నెండు కొట్లు. టోర్సాడ్స్, ప్రాణం తియ్యగల లయ. దానంతటదే ఆగిపోయింది, రోగికి కళ్ళు తిరిగాయంతే. ఈసీజీ తీస్తే టీ తరంగాలన్నీ లోతుగా తలకిందులై, క్యూటీసీ (కొట్టిన తర్వాత గుండె విద్యుత్తు తేరుకునే వ్యవధి) 522, బాగా సాగింది. పొటాషియం 3.3.

టకోట్సుబోలో క్యూటీ రెండు మూడు రోజులకి బాగా సాగుతుందని తెలుసు. తెలిసీ నేను మందుల చీటీ మళ్ళీ చూడలేదు. అందులో న్యుమోనియాకి అజిత్రోమైసిన్ ఉంది, వాంతులకి ఆన్‌డాన్సెట్రాన్ ఉంది. రెండూ క్యూటీని సాగదీసేవే. అంతకుముందు సాల్‌బుటమాల్, ఫ్యూరోసెమైడ్ కలిసి పొటాషియాన్ని దించి పెట్టాయి. ఒక్కోటి విడిగా చూస్తే ఏదీ తప్పు కాదు. న్యుమోనియాకి న్యుమోనియా మందు, వాంతికి వాంతి మందు.

రెండూ ఆపి సెఫ్ట్రియాక్సోన్‌తో డాక్సీసైక్లిన్ పెట్టాను. క్రియాటినిన్ దృష్టిలో ఉంచుకుని పొటాషియం మెల్లగా, మెగ్నీషియం ఒక గ్రాము ఎక్కించాను. మెగ్నీషియం గుండె లయకీ మంచిదే, శ్వాసనాళాలకీ మంచిదే. ఆ కేసు మొత్తంలో రెండు వైపులా కలిసొచ్చిన మందు అదొక్కటే. తెల్లారేసరికి ఇంకో చిక్కు: మగతగా ఉన్నాడు, కార్బన్ డయాక్సైడ్ 78. ఛాతీ ఎక్స్‌రేలో కుడి కింది భాగం తెల్లబడింది. అడ్డు దాదాపు పోయింది కాబట్టి ఈసారి బైపాప్ ప్రెజర్ ధైర్యంగా పెంచాను. రెండు రోజులు అలాగే గడిచాయి. మొదటి రోజు పొద్దునే, వెంటిలేటర్ మీద పెట్టాల్సొస్తుందేమోనని కొడుకుతో ఒప్పుదల కాగితం మీద సంతకం కూడా పెట్టించాను.

ఆ సంతకం పెడుతూ అడిగాడు, నిన్న ఫర్వానేదన్నారు గదా అని.

గుండె విషయంలో నేను చెప్పింది నిజమే, అది కోలుకుంటోంది. కానీ ఆయన ప్రాణం ఉన్నది గుండెలో కాదు, గుండెని పడగొట్టిన న్యుమోనియాలో, సీఓపీడీలో. పెద్దావిడ విషయంలో ముప్పు తెచ్చిన సంగతి అరగంటలో ముగిసిపోయింది, మనవడు దొరికాడు. ఈయన విషయంలో అది ఇంకా ఒంట్లోనే ఉంది.

అంకెలు ఏం చెప్తున్నాయి

ఆయన బైపాప్ మీద ఉన్న ఆ రెండు రోజుల్లో చదవాల్సింది చదివాను. సిగ్గుగానే ఉంది, ఏడాది ముందే చదివి ఉండాల్సింది.

అమెరికా ఆసుపత్రుల్లో 2016 నుంచి 2020 వరకు చేరిన దాదాపు రెండు లక్షల టకోట్సుబో కేసుల విశ్లేషణ 2025లో వచ్చింది. రోగుల్లో 83 శాతం ఆడవాళ్ళే. ఆసుపత్రిలో చనిపోయినవాళ్ళు మొత్తం మీద 6.5 శాతం. ఆడవాళ్ళలో 5.5, మగవాళ్ళలో 11.2. అంటే జబ్బు వచ్చే అవకాశం మగవాడికి చాలా తక్కువ, వచ్చాక పోయే అవకాశం రెట్టింపు. ఆ ఐదేళ్ళలో మరణాలు తగ్గింది కూడా లేదు. వందలో ఆరుగురు పోయే జబ్బుని ‘తేలిక’ అనడానికి నాకు నోరెలా వచ్చింది?

ఎందుకు ఈ తేడా? ఆడవాళ్ళతో పోలిస్తే మగవాళ్ళలో దీన్ని రేపేది ఎక్కువగా శరీరానికి తగిలిన దెబ్బ: ఇన్‌ఫెక్షన్, ఊపిరి అందకపోవడం, ఆపరేషన్, మెదడులో రక్తస్రావం. బెంగతో వచ్చినవాళ్ళు కోలుకున్నంత బాగా ఇలా వచ్చినవాళ్ళు కోలుకోరు, ఆడైనా మగైనా. ఈస్ట్రోజెన్ అండ లేని ముసలి గుండె చిన్న దెబ్బకే లొంగుతుంది, మగ గుండె లొంగాలంటే దెబ్బ పెద్దది కావాలి, అంత పెద్ద దెబ్బ తగిలిన మనిషి అప్పటికే ఎలాగూ ప్రమాదంలో ఉంటాడు అని నేను అర్థం చేసుకున్నాను. ఇది నా ఊహ. హార్మోన్ల పాత్ర ఇంకా పూర్తిగా తేలలేదు.

వయసు సంగతీ అంత సూటిగా లేదు. 61 దాటినవాళ్ళలో ఈ జబ్బు అందరికంటే ఎక్కువ. కానీ అదే విశ్లేషణలో 46–60 వాళ్ళకి 31–45 వాళ్ళ కంటే రెండున్నర నుంచి మూడుంపావు రెట్లు ఎక్కువగా కనిపించింది. కాబట్టి 57 ఏళ్ళ మనిషిని ‘ఇంకా వయసు రాలేదు’ అని పక్కన పెట్టలేం. ఇక యాభై లోపు వాళ్ళు ఒంట్లో బలముంది కాబట్టి తేలిగ్గా బయటపడతారనుకుంటే, రిజిస్ట్రీ అలా చెప్పలేదు. గుండె చతికిలబడి షాక్‌లోకి పోవడం చిన్నవయసు వాళ్ళలోనే ఎక్కువ. ముసలితనంలో వస్తే ఒక రకం, నడివయసులో వస్తే ఇంకో రకం అని తీసుకోవాలే గాని, చిన్న వయసు అంటే చిన్న ముప్పు అని కాదు.

ఇంటర్‌టాక్ అని ఒక స్కోరుంది. టకోట్సుబోనా, గుండెపోటా అని అంచనా వెయ్యడానికి. ఆడమనిషి అయితే 25, మనసుకి తగిలిన దెబ్బ ఉంటే 24, శరీరానికి తగిలినది ఉంటే 13, ఎస్‌టీ కిందికి దిగకపోతే 12, మానసిక జబ్బు ఉంటే 11, నరాల జబ్బు ఉంటే 9, క్యూటీ సాగితే 6. మొత్తం వంద. 70 దాటితే టకోట్సుబో అవకాశం ఎక్కువ. ఎస్‌టీ పైకి లేచినవాళ్ళ దగ్గర ఈ లెక్కలు వేస్తూ కూర్చోకూడదు, నేరుగా యాంజియోగ్రామే. నేను తర్వాత కుతూహలం కొద్దీ వేశాను. మా రోగికి 13, 12, 6 కలిపి 31. ఆ మంచం మీద ఆయన భార్య ఉండి, అదే ఈసీజీ, అదే న్యుమోనియా అయితే 56. మగవాడన్న ఒక్క కారణానికే పాతిక మార్కులు పోతాయి. స్కోరు తప్పని కాదు, రోగుల్లో ఎక్కువమంది ఆడవాళ్ళే కాబట్టి లెక్క అలాగే వస్తుంది. తక్కువ మార్కులు వచ్చిన మగవాడికి ఆ జబ్బు లేదని మాత్రం అనుకోకూడదు.

తర్వాత

ఆరో రోజుకి మెలకువ బాగా వచ్చింది. తొమ్మిదో రోజు ఎకోలో పంపుసత్తా 40, కొనలో గడ్డ లేదు. గుండె కొన కదలనంత కాలం అక్కడ రక్తం గడ్డకట్టే ముప్పుంటుంది కాబట్టి కార్డియాలజిస్టు సలహాతో ఆరు వారాలు రక్తం గడ్డకట్టనివ్వని అపిక్సాబాన్ ఇచ్చాం. 40 శాతం పూడిక కోసం స్టాటిన్ రాశాను, అపిక్సాబాన్ అయ్యాక ఆస్పిరిన్. క్రియాటినిన్ కుదురుకున్నాక టెల్మిసార్టాన్ చిన్న మోతాదు. రిజిస్ట్రీలో ఏడాది దాకా బతకడానికి మేలు కనిపించింది ఈ వర్గం మందులతోనే, బీటా బ్లాకర్లతో అలాంటి మేలు కనపడలేదు. కాబట్టి బీటా బ్లాకరైన బిసోప్రొలాల్ 1.25 ఎంజీ ఇస్తూ కూడా అది జబ్బు మళ్ళీ రాకుండా ఆపుతుందని ఇంటివాళ్ళకి చెప్పలేదు.

ఆరో వారం ఎకోలో పంపుసత్తా 54. నిదానంగా కూచోబెట్టి మాట్లాడింది ఆ రోజే. అప్పటిదాకా నేను ఆయన్ని ఒక్క ప్రశ్న అడగలేదు. పెద్దావిడని ఈసీజీ తీస్తూనే “ఏమైందమ్మా, దేనికి కంగారు పడ్డావు?” అని అడిగాను. ఈయన్ని బీడీలు ఎన్ని అని అడిగాను.

ఆయన మాట్లాడలేదు, భార్యే చెప్పింది. మా దగ్గరికి వచ్చిన ముందురోజు వాళ్ళ అన్నగారి పెద్దకర్మ. కిడ్నీలు పాడై రెండేళ్ళు డయాలసిస్ మీద ఉండి పోయాడు. వారానికి రెండుసార్లు తమ్ముడే బండి మీద తీసుకెళ్ళేవాడు. “అన్న పోయినకాడ్నించి ఒక్క సుక్క నీరు కంట్లోంచి రానేదమ్మా. జొరంతోనే బంతి లేసేదాకా వడ్డన సేసినాడు.” ఆయన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఇప్పుడు ఆ 24 మార్కులు కలపాలా? కలిపితే 55. రేపింది న్యుమోనియానా, సాల్‌బుటమాలా, అన్న పోయిన దుఃఖమా? రెండు రకాల దెబ్బలూ కలిసే రోగులు ఉంటారని తెలుసు. ఏది ఎంత అని విడదీయడం నాకు చేతకాలేదు, అవసరమనీ అనిపించలేదు. కానీ ఆ కుటుంబంలో కిడ్నీ భయం ఈయన నెత్తిన కూడా ఉందని, తన క్రియాటినిన్ అంకె ఆయనకి తెలుసునని, ఎవరితో అనడనీ ఆ రోజు తెలిసింది. అప్పటినుంచి ప్రతి విజిట్‌లో ఐదు నిమిషాలు దానికి పెడుతున్నాను. మగ రోగుల్ని కూడా ఆ ప్రశ్న అడుగుతున్నాను. సగం మంది “ఏటీ నేదండి” అంటారు, భార్య వైపు చూస్తే నిజం తెలుస్తుంది.

ఇంకా మార్చుకున్నవి కొన్ని ఉన్నాయి. బీపీ పడిన ప్రతి ‘గుండెపోటు’ మీద డొబుటమిన్‌కి ముందు ప్రోబ్ పెడుతున్నాను, పీపా ఛాతీ అయితే నేరుగా రొమ్ము ఎముక కింద. టకోట్సుబో అని తేలిన మరుక్షణం మందుల చీటీ మొత్తం క్యూటీ కళ్ళతో ఒకసారి చదువుతున్నాం, ఐదు రోజులు మానిటర్ తియ్యడం లేదు. ఇంటివాళ్ళతో మాట్లాడేటప్పుడు గుండె ఎప్పుడు కోలుకుంటుందో ఒక వాక్యం, దాన్ని పడగొట్టింది ఇంకా ఉందా పోయిందా అన్నది ఇంకో వాక్యం, రెండూ విడివిడిగా చెప్తున్నాను.

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది మాత్రం చొక్కా జేబులో పట్టే ఒక అట్టముక్క. నర్సు చేత గుండ్రటి తెలుగు అక్షరాలతో రాయించాను: ఇప్రట్రోపియం పెట్టొచ్చు, సాల్‌బుటమాల్ ఒక్కసారికి మించొద్దు, డెరిఫిలిన్, అజిత్రోమైసిన్, వాంతి సూది అడగకుండా వెయ్యొద్దు, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి. ఊళ్ళో ఆర్‌ఎంపీని పిలిపించి టీ ఇచ్చి, ఎకో వీడియో ఫోన్లో చూపించాను. ఆయన ఆ కొట్టుకుంటున్న ముంతని రెండుసార్లు చూశాడు. “నేను వేసిన మందులకేనా అమ్మా ఇలాగయింది?” అన్నాడు. నేను కూడా అవే వేశానని చెప్పాను.

ఐదో నెలలో, వానాకాలం మొదట్లో, రాత్రి పదకొండింటికి ఫోను. ఆర్‌ఎంపీ. “అమ్మా, మీ అట్టముక్క పేషెంటుకి మళ్ళీ ఆయాసం. ఇప్రట్రోపియం పెట్టేను. ఆక్సిజన్ 86 సూపిస్తంది. 108కి ఫోన్ సేసేసేను, దార్లో ఏటి ఎయ్యమంటారు?”

ఏమీ వెయ్యొద్దన్నాను. ఆక్సిజన్ పెట్టి తీసుకురమ్మన్నాను.

గంటలో వచ్చాడు. ముందు ఈసీజీ, తర్వాత రొమ్ము ఎముక కింద ప్రోబ్. కొన కదులుతోంది.